రెండు గ్లాసులు, రెండు కిరాయిలు

కోస్తాలో అద్దె అంటారు, తెలంగాణలో కిరాయి అంటాం, రాయలసీమలో బాడుగ అంటారు. మాట మారుతుంది. గేటు దగ్గర అడిగే ప్రశ్న మాత్రం మారదు. ‘మీరేమిట్లు?’ అని ఒకరు, ‘మీరేమోళ్లు?’ అని ఇంకొకరు, కాస్త నాగరికంగా అడగాలనుకునేవాళ్లు ‘వెజ్జా, నాన్‌వెజ్జా?’ అని. టులెట్ బోర్డు కింద నిలబడి ఈ ప్రశ్న ఎదుర్కోని దళిత విద్యార్థి హైదరాబాద్‌లో దొరకడం కష్టం.

ఇల్లు ఇవ్వకపోవడం గురించి మనం చాలా మాట్లాడాం. కథలొచ్చాయి, కవితలొచ్చాయి, షార్ట్ ఫిల్ములొచ్చాయి. ఈ భాగంలో నేను రాయదలచుకున్నది దాని తర్వాతి సంగతి. ఇల్లు దొరికాక, సామాను సర్దుకున్నాక, ఆరు నెలలో ఏడాదో గడిచాక ఒకరోజు ఓనర్ వచ్చి ‘వచ్చే నెల నుంచి ఇంత’ అంటాడు చూడండి, ఆ సంగతి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గేటు దగ్గర ‘ఖాళీ లేదు’ అని చెప్పే కులమే, లోపల ఉన్నవాణ్ని పంపాలనుకున్నప్పుడు ‘కిరాయి పెంచాం’ అంటుంది. మొదటిదాన్ని వివక్ష అని గుర్తుపడుతున్నాం. రెండోదాన్ని మాత్రం ‘ఏం చేస్తాం, రేట్లు పెరిగాయి’ అనుకుని మూటాముల్లె సర్దుకుంటున్నాం. రెండూ ఒకటేనని ఒప్పుకోనంతకాలం కిరాయి ఇళ్లలో మన హక్కుల గురించి ఎవరూ మాట్లాడరు. మనమూ మాట్లాడం.

ముందే ఒక మాట. పెంచిన ప్రతి కిరాయీ కులవివక్ష అని నేను అనడం లేదు. ఇంటిపన్ను పెరుగుతుంది, రిపేర్లు వస్తాయి, అగ్రిమెంటులో రాసుకున్న అయిదు శాతమో పది శాతమో కట్టాల్సిందే. కింద ఒక పోర్షన్ కిరాయికిచ్చి ఆ డబ్బుతో మందులు కొనుక్కునే రిటైరైన టీచర్లున్నారు. మన బస్తీల్లోనే రేకుల గది వేసి కిరాయికిచ్చుకునే మన అక్కలున్నారు. వాళ్లతో నాకు తగాదా లేదు. రాసుకున్న మాట దాటి, గడువు మధ్యలో, పక్క పోర్షన్‌కు లేని లెక్క మనకొక్కరికే వేసే పెంపు గురించి నేను మాట్లాడుతున్నాను.

నాకు జరిగింది చెప్తాను. కాలేజీలో చేరిన కొత్తలో నగరంలో ఒక రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్లం. కిరాయి 9,000. పదకొండు నెలల అగ్రిమెంటు, రెన్యువల్‌కు 5 శాతం పెంపు అని అందులోనే ఉంది. మొదటి రెన్యువల్ అలాగే అయింది, 9,450. ఆ ఏప్రిల్ 14న కాలనీ చౌరస్తాలో విగ్రహం దగ్గర నేను మాట్లాడాను. ఎవరో ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నెల తిరక్కుండా ఓనర్ పైకి వచ్చాడు. అప్పటిదాకా ఆయన మా కులం అడగలేదు, ఇంటిపేరు విని ఇంకేదో అనుకున్నాడట. ‘సార్, ఏమీ అనుకోవద్దు. జూన్ నుంచి 13,500. చుట్టుపక్కల రేట్లు చూస్తున్నారు కదా’ అన్నాడు.

రెన్యువల్ అయి మూడు నెలలే అయింది. నలభై శాతం పైనే పెంపు. మా కింది పోర్షన్ అచ్చం మాలాంటిదే. అవే రెండు గదులు, అదే బోరు నీళ్లు. వాళ్లకు ఆ ఏడాది పెరిగింది 500. చుట్టుపక్కల రేట్లన్నీ కింది పోర్షన్ దాటుకుని, మెట్లెక్కి మా గుమ్మం దగ్గరికే వచ్చాయన్నమాట.

నేను 9,450 చొప్పునే ప్రతి నెలా ఆయన బ్యాంకు ఖాతాలో వేశాను. ‘జూన్ కిరాయి’, ‘జూలై కిరాయి’ అని రాసి మరీ వేశాను. మోటారు వేసే టైము తగ్గింది. మెట్ల లైటు తీసేశారు. మా ఆవిడ బట్టలు ఆరేసే తీగ తెగిపోయింది, మళ్లీ కట్టొద్దన్నారు. అయినా గడువు అయ్యేదాకా ఉన్నాం. అడ్వాన్సు తిరిగి రావడానికి లాయరు నోటీసు పంపాల్సి వచ్చింది. ఇందులో వీరత్వమేమీ లేదు. నా దగ్గర కాగితం ఉంది, నెల జీతం ఉంది, లాయరు మిత్రుడున్నాడు. ఆ మూడూ లేకపోతే నేనూ జూన్ ఒకటికల్లా ఆటో ట్రాలీ మాట్లాడుకునేవాణ్ని.

ఆ మూడూ లేనివాళ్లే మనలో ఎక్కువ. అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో చూడండి. నలుగురు కుర్రాళ్లు ఒక గది. కాగితం ఉండదు, రసీదు ఉండదు, నోటిమాటే అగ్రిమెంటు. గ్రూప్స్ నోటిఫికేషన్ పడగానే గది కిరాయి లేస్తుంది. మా పాత విద్యార్థి ఒకతను చెప్పాడు, గది 10,000 నుంచి 15,000 అయిందట. తలకు 2,500 పోయి 3,750. ఆ ఓనర్‌కు వాళ్ల కులాలతో పనిలేదు, అందరికీ పెంచాడు. నలుగురిలో ముగ్గురు ఇంటికి ఫోన్ చేసి డబ్బు తెప్పించుకున్నారు. వాళ్లకు ఊళ్లో పొలం ఉంది. ఇతని తండ్రి పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీ. ఇతను గది ఖాళీ చేశాడు. పెంచిన చెయ్యికి కులం పట్టింపు లేకపోయినా, దెబ్బ తగిలింది ఎవరికో చూడండి.

ఖాళీ చేశాక ఏం చేయాలి? ఇంకో గది వెతకాలి. అంటే మళ్లీ గేటు, మళ్లీ ‘మీరేమిట్లు?’. అసలు కీలకం ఇక్కడుంది మిత్రులారా. మిగతావాళ్లకు కిరాయి నచ్చకపోతే పక్క వీధిలో ఇల్లుంటుంది. మనకు పక్క వీధిలో పది ఇళ్లుంటే నాలుగింటికి గేటే తెరుచుకోదు. ఆ సంగతి మనకంటే ఓనర్‌కు బాగా తెలుసు. ‘వీళ్లు ఎక్కడికి పోతారులే’ అన్న ధీమాతోనే పెంచుతాడు. అక్కడ ఇల్లు ఇవ్వని ఓనర్, ఇక్కడ కిరాయి పెంచే ఓనర్‌కు తెలియకుండానే సాయం చేస్తున్నాడు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోరు. కులం ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిర్చి పెడుతుంది.

ఇది నా ఊహ కాదు. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో కిరాయి ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. అగ్రకులాల పేర్లతో, దళితుల పేర్లతో, ముస్లింల పేర్లతో ఓనర్లను సంప్రదించారు. దళితులకు, ముస్లింలకు ‘లేదు’ అన్న జవాబు ఒక్కటే ఎదురుకాలేదు. ‘ఉంది’ అన్నవాళ్లలో కూడా కొందరు ఎక్కువ కిరాయి అడిగారు, వేరేవాళ్లకు పెట్టని షరతులు పెట్టారు. ముస్లింల పరిస్థితి దళితుల కంటే కూడా కష్టంగా తేలింది. కాబట్టి ఇది మన ఒక్కరి పోరాటం కాదు. పెద్దకూర వాసన పేరుతో ఎవరెవర్ని పంపేస్తున్నారో మనకు తెలుసు.

బాబాసాహెబ్ బరోడా అనుభవం మనందరికీ తెలిసిందే. 1917లో, కొలంబియా చదువు అయ్యాక, సంస్థానం ఉద్యోగంలో చేరడానికి వెళ్తే తలదాచుకోవడానికి గది దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆయన దగ్గర డబ్బు లేకపోలేదు, చదువు లేకపోలేదు. ఆ తర్వాత ఆయన పల్లెను నమ్మొద్దన్నాడు, మనం నగరానికి వచ్చాం. నగరంలో ఎవరి కులం ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాం. ఇక్కడ ఇప్పుడు కర్రలు పట్టుకుని రావడం లేదు. ఒక అంకె చెప్పి వెళ్తున్నారు. కర్ర పట్టుకొస్తే పదిమంది చూస్తారు, కేసవుతుంది. అంకె చెప్తే దాన్ని మార్కెట్ అంటారు.

‘ఇల్లు ఆయనది, ఇష్టం ఆయనది. ఉంటే ఉండు, లేకపోతే పో’ అంటారు. ఈ మాట మన స్నేహితులే అంటారు, కాబట్టి జవాబు చెప్పాలి. హోటల్ కూడా దాని ఓనర్ సొంతమే. పొయ్యి ఆయనది, పాలు ఆయనవి, గ్లాసులూ ఆయనవే. అయినా మనకొక గ్లాసు, ఊళ్లోవాళ్లకొక గ్లాసు పెడితే నేరం. ఎందుకని? వ్యాపారానికి తలుపు తెరిచాక కులం చూసి లెక్క మార్చడానికి వీల్లేదని ఈ దేశం చట్టం రాసుకుంది. టులెట్ బోర్డు పెట్టినవాడు కూడా వ్యాపారానికి తలుపు తెరిచినవాడే. ఒకే ఇంట్లో, ఒకేలాంటి రెండు పోర్షన్లకు రెండు పెంపులు వేస్తే అది రెండు గ్లాసుల పద్ధతి కాక మరేమిటి?

చట్టాల సంగతికి వద్దాం. అద్దె చట్టం ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకు అది తమకు వర్తించదని తెలియదు.

ఉమ్మడి రాష్ట్రంలో 1960లో భవనాల అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. కిరాయి అన్యాయంగా ఉందనుకుంటే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లి న్యాయమైన కిరాయి తేల్చమని అడగొచ్చు. కట్టిన కిరాయికి రసీదు అడిగే హక్కుంది. ఓనర్ తీసుకోనంటే చివరికి కంట్రోలర్ దగ్గర జమ చేసే దారి ఉంది. నీళ్లు, కరెంటు లాంటివి ఆపకూడదు. చట్టంలో రాసిన కారణం చూపించకుండా ఖాళీ చేయించకూడదు. చదివితే ఎంత బాగుందో అనిపిస్తుంది. కానీ 2005 సవరణ దీనికి ఒక గీత గీసింది. కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన కిరాయిలకు ఈ చట్టం వర్తించదు. కట్టి పదిహేనేళ్లు నిండని ఇళ్లకూ వర్తించదు. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కు ఏమొస్తుంది? హాస్టల్‌లో ఒక మంచం రావడమే కష్టం. చట్టం రద్దు కాలేదు, మన ఇళ్లలోకి రావడం మానేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో కొత్త చట్టం చేసుకున్నారు. అక్కడ రాతపూర్వక ఒప్పందమే ఆధారం. కాగితం లేనివాడికి అక్కడా కష్టమే.

గీతకు బయట ఉన్నవాళ్లకు మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని ప్రకారం వేరే ఒప్పందం లేని ఇంటి కిరాయి నెలనెలా సాగే కిరాయి కింద లెక్క. పదిహేను రోజుల నోటీసుతో ముగించొచ్చు. అంటే గడువు అయిపోయాక ఓనర్ ఎంత అడగాలన్న దాని మీద అడ్డు దాదాపు లేదు. ఇది చేదు నిజం. అయితే రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. గడువు మధ్యలో, అగ్రిమెంటులో లేని పెంపును ఓనర్ ఒక్కడే నిర్ణయించలేడు. అలాగే నోటీసు ఇచ్చినా సరే, కోర్టు లేకుండా తాళం మార్చి సామాను బయట పడేసే హక్కు ఎవరికీ లేదు. అలా పడేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న అడ్డురాదు.

కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం ఆమోదించింది. నివాస ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలు దాటకూడదని, కిరాయి పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టం చేస్తే తప్ప మన గేటు దాకా రాదు.

మనకు మాత్రమే ఉన్న చట్టాల్లోకి వద్దాం. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4, అంటరానితనం పేరుతో ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో నివాసముండకుండా అడ్డుకోవడం నేరమంటుంది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జెడ్), ఎస్సీ, ఎస్టీలను ఇల్లో ఊరో విడిచిపోయేలా చేయడం నేరమంటుంది. 2015 సవరణ ఆర్థిక బహిష్కరణను కూడా నేరం చేసింది. ఆ నిర్వచనంలో ఒక మాట ఉంది, దయచేసి లా చదివే మిత్రులు మళ్లీ తెరిచి చూడండి. మామూలు వ్యాపారంలో ఏ షరతుల మీద పని జరుగుతుందో, ఆ షరతుల మీద చేయడానికి నిరాకరించడం కూడా ఆర్థిక బహిష్కరణే. కింది పోర్షన్‌కు 500, పై పోర్షన్‌కు 4,050. మామూలు షరతు ఏది, నిరాకరణ ఏది? ఈ వాదనను కోర్టుల ముందు గట్టిగా పెట్టాల్సిన బాధ్యత మన లాయర్లది.

ఇది సులువని చెప్పను. స్టేషన్‌కు వెళ్తే మొదట వినపడే మాట ‘ఇది సివిల్ మ్యాటర్’. 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో, నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనిచోట అన్న మాట ‘ప్రజలు చూసేచోట’ చేసిన అవమానం కిందికి రాదని, ఆస్తి తగాదా దానంతటదే అట్రాసిటీ కాదని చెప్పింది. ఓనర్లు కూడా తెలివి మీరారు. కులం పేరెత్తరు. అంకె మాత్రమే చెప్తారు. కాబట్టి మన దగ్గర ఉండాల్సిన సాక్ష్యం కూడా అంకెలే.

అందుకే పని దగ్గర మొదలుపెడదాం. కాగితం లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఎంత కిరాయి, ఎప్పుడు ఎంత పెరుగుతుంది, కరెంటు యూనిట్‌కు ఎంత, నీళ్లకు ఎంత, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారు, అన్నీ రాయించుకోండి. రిజిస్టర్ చేయిస్తే బలం ఎక్కువ. కిరాయి చేతికివ్వకండి, ఫోన్ నుంచి నెల పేరు రాసి పంపండి. పన్ను లెక్కల్లో చూపించడం ఇష్టంలేక నగదే కావాలనే ఓనర్లుంటారు, అప్పుడు రసీదు అడగండి. పెంపు నోటితో చెప్తే ‘సార్, మీరు చెప్పింది ఇదే కదా’ అని మర్యాదగా వాట్సాప్‌లో రాయండి. ఆయన జవాబిచ్చినా ఇవ్వకపోయినా తేదీ మిగులుతుంది. పక్క పోర్షన్‌వాళ్లు ఎంత కడుతున్నారో కనుక్కోండి. న్యాయ సేవాధికార సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, మహిళలకూ ఇస్తారు. నంబరు 15100. అట్రాసిటీ ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైన్ 14566.

ఇవన్నీ ఒంటరి మనిషి చేసేవి. ఒంటరిగా చేస్తే నాలాంటి జీతగాడు గడువుదాకా నిలబడతాడు, విద్యార్థి నిలబడలేడు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టళ్ల నుంచి వెలివేసిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు క్యాంపస్‌లోనే ఆరుబయట పరుపులు వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరుపెట్టారు. రోహిత్‌ను మనం దక్కించుకోలేకపోయాం. కానీ వెలిని అందరూ చూసేచోట నిలబెట్టడం ఎలాగో ఆ అయిదుగురూ మనకు నేర్పారు. ప్రైవేటు గదుల నుంచి జరిగే వెలి మాత్రం ఇప్పటికీ ఎవరికీ కనిపించదు. రాత్రి పదింటికి ఒక ఆటో ట్రాలీ వస్తుంది, ఒక కుర్రాడు పుస్తకాలు ఎక్కిస్తాడు, పొద్దున టులెట్ బోర్డు మళ్లీ వేలాడుతుంది.

దాన్ని కనిపించేలా చేయాలి. విద్యార్థి సంఘాలను నేను అడిగేది ఒక్కటే. గల్లీకొక కిరాయి పుస్తకం పెట్టండి. ఏ ఇల్లు, ఎన్ని గదులు, ఎంత కిరాయి, ఎప్పుడు ఎంత పెంచారు, ఎవరు ఖాళీ చేశారు. ఖాళీ చేసినవాళ్ల పేర్లు రాయొద్దు, సామాజిక వర్గం రాయండి. ఒక ఏడాది రాస్తే అందులో కులం తనంతట తానే బయటపడుతుంది. ఆ పుస్తకం చేతిలో ఉంటే ఎమ్మెల్యే దగ్గరికి, ఎస్సీ కమిషన్ దగ్గరికి, కోర్టుకు వెళ్లొచ్చు. ఇప్పుడు మన చేతిలో కన్నీళ్లున్నాయి, లెక్కలు లేవు.

తెలంగాణ ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. 3,500 గీత తీసేయాలి, ఉంచాల్సి వస్తే ధరలతో పాటు అది పెరగాలి. పెంపుకు మూడు నెలల ముందు కారణంతో రాతపూర్వక నోటీసు తప్పనిసరి చేయాలి. అద్దె చట్టంలోనే కులం, మతం, తిండి, పెళ్లి చూసి ఇల్లు నిరాకరించడాన్నీ, కిరాయి తేడా చేయడాన్నీ నిషేధించాలి. ఒకే ఇంట్లో ఒకరికి ఎక్కువ పెంచితే ఎందుకో చెప్పాల్సింది ఓనరే. వివక్ష జరిగిందని నిరూపించే బరువు కిరాయిదారు నెత్తిన పెట్టకూడదు.

కొందరు మిత్రులు ‘మన బస్తీలోనే ఉందాం అన్నా, ఈ గొడవెందుకు’ అంటారు. బస్తీ మనది, దాని మీద నాకు ప్రేమ. కానీ బస్తీలో ఉండటం మన ఇష్టం కావాలి. వేరేచోట కిరాయి పెంచి మనల్ని అక్కడికి తోలడం ఊళ్లో వాడను ఊరవతల పెట్టడం లాంటిదే. వాడ నుంచి బయటపడటానికి మన తల్లిదండ్రులు చేసిన అప్పులు, తిన్న మాటలు, తిరిగిన ఆఫీసులు మళ్లీ వాడకే చేర్చడానికి కాదు.

ఈ వారం మీ గది కాగితం ఒకసారి తీసి చదవండి. లేకపోతే ఈ నెల కిరాయితో పాటు అడగండి. ఇంకో ఇద్దరితో అడిగించండి. వచ్చే భాగంలో ప్రైవేటు హాస్టళ్ల సంగతి రాస్తాను, ముఖ్యంగా మన ఆడపిల్లల హాస్టళ్ల సంగతి.

జై భీమ్.